మానసిక చికిత్స, తుపాకీ హక్కు: అమెరికాలోని తెలుగు కుటుంబం ఏ దారి ఎంచుకోవాలి?

నాలుగేళ్ళ క్రితం డాలస్ శివారులోని ఒక తుపాకుల దుకాణంలో, గాజు కౌంటరు మీద ఫారం పెట్టుకుని చకచకా నింపుతున్న నా స్నేహితుడు ఒక ప్రశ్న దగ్గర పెన్ను ఆపేశాడు. దుకాణంలో తుపాకీ కొనే ప్రతి ఒక్కరూ నింపవలసిన ఆ 4473 నంబరు ఫారంలో, మీకు మానసిక లోపం ఉన్నట్టు ఎప్పుడైనా అధికారికంగా నిర్ధారించారా, మిమ్మల్ని ఎప్పుడైనా మానసిక వైద్యశాలకు కమిట్ చేశారా, అంటే అధికారికంగా బలవంతాన చేర్చారా అని అడుగుతారు. అంతకు ముందు సంవత్సరం గుంటూరులో తండ్రి పోయినప్పుడు సమయానికి చేరుకోలేక, తమ్ముడి చేత తలకొరివి పెట్టించవలసి వచ్చిందన్న దిగులుతో అతను ఎనిమిది నెలలు కౌన్సెలింగుకు వెళ్ళాడు, డిప్రెషన్‌కు మాత్రలు కూడా వాడాడు. "ఒరేయ్, అది ఇందులోకి వస్తుందా?" అని నన్ను అడిగాడు. నాకు తెలియదు. ఇద్దరం అక్కడే నిలబడి ఫారం వెనుక పేజీల్లోని సూచనలు చదివితే, రాదని తేలింది.

బయటికి వచ్చాక కారులో అతను అన్న మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు. "ఈ ప్రశ్న ఉంటుందని ముందే తెలిస్తే అసలు కౌన్సెలింగుకే వెళ్ళేవాణ్ణి కాదేమో" అన్నాడు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో మానసిక వైద్యుడి గడప తొక్కడానికే వెనకాడే మనవాళ్ళకు, తుపాకీ పోతుందేమో అన్న ఇంకొక భయం తోడైతే ఆ గడప మరింత దూరమవుతుంది. చట్టాన్ని దగ్గరగా చదివితే ఆ భయం చాలావరకు తలకిందులుగా ఉందని తెలుస్తుంది. తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళి తీసుకున్న చికిత్స ఈ హక్కును చాలా రాష్ట్రాల్లో తాకనైనా తాకదు. వాయిదా వేస్తూ పోయి, చివరికి పోలీసులో న్యాయమూర్తో నిర్ణయం తీసుకోవలసిన స్థితికి వచ్చినప్పుడే హక్కుకు అసలు దెబ్బ తగులుతుంది.

ఈ ప్రశ్న ఎవరిది

ముందు ఒక సంగతి స్పష్టం చేయాలి. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎఫ్‌-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పితే, తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి వరుసలో ఉన్నా, వీసా హోదా మారనంత వరకు ఇదే వర్తిస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేది గ్రీన్ కార్డుదారులకూ, పౌరులకూ, వారి ఇంట్లో ఉండేవారికీ సంబంధించినది.

మన దేశంలోని పద్ధతిని మనసులో పెట్టుకుని దీన్ని అర్థం చేసుకోబోతే పొరపాటు పడతాం. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద తుపాకీ అనేది ప్రభుత్వం ఇచ్చే అనుమతి. దరఖాస్తుదారు మతిస్థిమితం లేనివాడని లైసెన్సు అధికారి భావిస్తే నిరాకరించాలి. అమెరికాలో అది రాజ్యాంగపు రెండవ సవరణ కింద వచ్చిన హక్కు కాబట్టి, దాన్ని తీసివేయడానికి చట్టంలో రాసి ఉన్న ఒక నిర్దిష్టమైన కారణం కావాలి. ఒక జబ్బు పేరు ఆ కారణం కాదు.

మూడు చికిత్సా మార్గాలు, మూడు ఫలితాలు

1968 నాటి తుపాకీ నియంత్రణ చట్టం రెండు రకాల వ్యక్తులను మాత్రమే ఈ కారణం కింద నిషేధించింది. మొదటివారు "మెంటల్ డిఫెక్టివ్" అని అధికారికంగా నిర్ణయింపబడినవారు. ఈ పదం వినడానికే అవమానకరంగా ఉంటుంది, ఎప్పుడో మార్చవలసినది, కానీ చట్టంలో ఇంకా అలాగే ఉంది. న్యాయస్థానమో, బోర్డో, చట్టబద్ధమైన మరొక అధికార సంస్థో ఒక వ్యక్తిని మానసిక అనారోగ్యం వల్ల తనకు గాని ఇతరులకు గాని ప్రమాదకరమని, లేదా తన వ్యవహారాలు తాను చూసుకోలేడని తేల్చడం దీని అర్థం. రెండవవారు మానసిక వైద్యశాలకు "కమిట్" అయినవారు. అంటే కోర్టు వంటి అధికార సంస్థ ద్వారా అధికారికంగా, ఇష్టానికి వ్యతిరేకంగా చేర్చబడినవారు. పరిశీలన కోసం కొంతకాలం ఉంచడం, స్వచ్ఛందంగా చేరడం ఈ నిర్వచనంలోకి రావని నిబంధనలలోనే రాసి ఉంది.

దీన్ని బట్టి మొదటి మార్గమైన బయటి రోగిగా చికిత్సను చూడండి. వారానికోసారి కౌన్సెలరు దగ్గరకు వెళ్ళడం, సైకియాట్రిస్టు రాసిన మాత్రలు వాడడం, డిప్రెషన్ లేదా ఆందోళన లేదా బైపోలార్ అని రోగనిర్ధారణ కావడం, ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారికి సాయం చేసే 988 నంబరుకు ఫోన్ చేసి మాట్లాడడం, వీటిలో ఏదీ ఫెడరల్ నిషేధం కిందికి రాదు. ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే, తుపాకీ కొనేవారిని తనిఖీ చేసే జాతీయ వ్యవస్థలో మీ వైద్య చరిత్ర ఉండదు. నిషేధం వర్తించేవారి విషయంలో కూడా అందులోకి వెళ్ళేది గుర్తింపు వివరాలూ నిషేధం ఉందన్న సంగతీ మాత్రమే, రోగం వివరాలు కావు. ఒక హెచ్చరిక: మత్తు పదార్థాలను చట్టవిరుద్ధంగా వాడేవారికి వేరే నిబంధన ఉంది, రాష్ట్రం అనుమతించినంత మాత్రాన గంజాయి వాడకం ఫెడరల్ చట్టం ముందు చెల్లుతుందని అనుకోకూడదు. వైద్యుడు రాసిన మాత్రలను రాసినట్టు వాడడానికీ దానికీ సంబంధం లేదు.

రెండవ మార్గం ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చేరడం. ఫెడరల్ చట్టం ప్రకారం ఇదీ నిషేధం కాదు, కానీ కొన్ని రాష్ట్రాలు ఇక్కడే వేరే గీత గీశాయి, ఆ సంగతి కింద చెబుతాను.

మూడవది బలవంతపు మార్గం, ఇందులోనూ రెండు మెట్లున్నాయి. పోలీసులో వైద్యులో అత్యవసరంగా తీసుకెళ్ళి, సాధారణంగా 72 గంటలకు మించకుండా పరిశీలనలో ఉంచడం మొదటి మెట్టు. ఫెడరల్ చట్టం ప్రకారం అంతవరకే జరిగితే అది కమిట్‌మెంట్ కాదు. ఆ తరువాత విచారణ జరిగి, చికిత్స తప్పనిసరి అని ఉత్తర్వు వెలువడడం రెండవ మెట్టు. ఆ మెట్టు ఎక్కితే నిషేధానికి గడువు లేదు, అది జీవితాంతం. నిషేధం ఉండి తుపాకీ దగ్గర ఉంచుకుంటే 2022 నుంచి 15 ఏళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. 4473 ఫారంలో తెలిసి అబద్ధం రాయడం కూడా తీవ్రమైన ఫెడరల్ నేరమే.

ఆసుపత్రిలో మాత్రమే కాదు, ఇంట్లో ఉండి చికిత్స తీసుకోవాలని న్యాయాధికారి ఉత్తర్వు ఇచ్చినా అందులో ప్రమాద నిర్ధారణ ఉంటే ఫెడరల్ నిషేధం పడుతుంది. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపిన, ఆ విశ్వవిద్యాలయంలోనే చదివే యువకుణ్ణి, 2005 డిసెంబరులోనే ఒక న్యాయాధికారి తనకు తాను ప్రమాదకరమని తేల్చి బయటి చికిత్సకు ఆదేశించారు. ఆ రాష్ట్రం అప్పట్లో ఆసుపత్రిలో చేర్చిన కేసులనే పంపేది కాబట్టి ఆ నమోదు నిక్స్‌కు చేరలేదు, అతను తనిఖీ దాటి రెండు తుపాకులు కొనగలిగాడు. రాష్ట్రాలు ఈ నమోదులు పంపేలా 2008 జనవరిలో సంతకమైన చట్టం ఆ దుర్ఘటన ఫలితమే. చట్టం చూస్తున్నది చికిత్సను కాదు, ప్రమాదం ఉందని ఒక అధికార సంస్థ చేసిన నిర్ణయాన్ని అని ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి.

రాష్ట్రం మారితే లెక్క మారుతుంది

న్యూజెర్సీ ఎడిసన్‌లోనో, చికాగో శివారులోనో ఉండే బంధువుకు డాలస్‌లో ఉన్నవారు "ఏం ఫర్వాలేదు, నేను చేరి వచ్చాను, ఏమీ కాలేదు" అని చెప్పడం మన ఫోన్ సంభాషణల్లో మామూలే. ఈ విషయంలో మాత్రం ఆ మాట నమ్మవద్దు.

టెక్సస్‌లో అత్యవసర నిర్బంధం ఒక్కదాని వల్ల తుపాకీ కలిగి ఉండే హక్కు పోదు. ఆ సమయంలో పోలీసులు మనిషి దగ్గరున్న తుపాకీని తీసుకోవచ్చు, కోర్టు ఉత్తర్వు ఏదీ రాకపోతే దాన్ని తిరిగి పొందే పద్ధతి చట్టంలో ఉంది. కానీ తుపాకీ వెంట తీసుకెళ్ళే లైసెన్సు వేరే సంగతి: మానసిక వైద్యశాలలో చేరిన చరిత్రను ఆ లైసెన్సు ఇవ్వకపోవడానికి ఆధారంగా తీసుకోవచ్చు. 2021 నుంచి టెక్సస్‌లో చాలామందికి ఆ లైసెన్సు లేకుండానే వెంట తీసుకెళ్ళే వీలుంది కాబట్టి ఈ తేడా పైకి కనబడదు. ఆ లైసెన్సును గుర్తించే ఇతర రాష్ట్రాలకు ప్రయాణించేవారికి మాత్రం తగులుతుంది.

ఇల్లినాయ్‌లో తుపాకీకి ముందు ఫోయిడ్ అనే గుర్తింపు కార్డు కావాలి. గత ఐదేళ్ళలో మానసిక వైద్యశాలలో లోపలి రోగిగా ఉన్నవారికి, స్వచ్ఛందంగా చేరినా సరే, ఆ కార్డు ఇవ్వరు, ఉన్నది రద్దు చేస్తారు. ఐదేళ్ళు దాటాక నిపుణుడి ధ్రువపత్రంతో మళ్ళీ పొందవచ్చు. న్యూజెర్సీ ఇంకా కఠినం. అక్కడ కొనుగోలు కార్డుకు దరఖాస్తు పెట్టేటప్పుడు మానసిక వైద్య రికార్డుల తనిఖీకి మీరే సమ్మతి పత్రం మీద సంతకం చేయాలి, చికిత్స చరిత్రను గురించి నేరుగా అడుగుతారు, స్వచ్ఛందంగా ఆసుపత్రిలో చేరడమే అనర్హత అవుతుంది, ఆ రికార్డును కోర్టు తొలగిస్తే తప్ప. కౌన్సెలింగుకు వెళ్ళినంత మాత్రాన అక్కడ కూడా నిషేధం లేదు, కానీ ఆ ప్రశ్నకు దాచకుండా జవాబు రాయవలసిందే.

కాలిఫోర్నియాలో 5150 అన్న అంకె తెలియని తెలుగు కుటుంబం ఉండదనుకుంటాను. ఆ సెక్షన్ కింద 72 గంటల నిర్బంధంలోకి తీసుకుని, తనకో ఇతరులకో ప్రమాదమన్న కారణంతో ఆసుపత్రిలో చేర్చుకుంటే, న్యాయమూర్తి ఎవరూ చూడకుండానే ఐదేళ్ళ రాష్ట్ర నిషేధం పడుతుంది. ఏడాదిలోపు రెండవసారి జరిగితే 2020 నుంచి అది జీవితకాల నిషేధం. సుపీరియర్ కోర్టులో విచారణ కోరే హక్కు రోగికి ఉంటుంది, డిశ్చార్జి సమయంలో ఆ ఫారం ఇవ్వాలి కూడా. అక్కడ ఇంకొక మలుపు ఉంది: రోగి ఒక గుర్తించదగిన వ్యక్తికి హాని చేస్తానని చికిత్సకుడి ముందు తీవ్రంగా బెదిరిస్తే, అది నమోదై ఐదేళ్ళ నిషేధానికి దారితీస్తుంది. న్యూయార్క్‌లో 2013 నుంచి, తీవ్రమైన హాని చేసే అవకాశం ఉందని భావించిన రోగుల గురించి చికిత్సకులు అధికారులకు తెలియజేయవలసి ఉంది. ఫ్లోరిడాలో బేకర్ చట్టం కింద బలవంతంగా జరిపే మానసిక పరీక్ష ఒక్కటే నిషేధం కాదు. కానీ ప్రమాదం ఉందని వైద్యుడు తేల్చి, బలవంతపు విచారణకు బదులుగా మీరు స్వచ్ఛందంగా చేరడానికి ఒప్పుకుంటే, తుపాకీ కొనలేరని మీకు చెప్పి సంతకం తీసుకుని ఆ నమోదును పంపే వీలుంది. అంటే కాగితం మీద "స్వచ్ఛందం" అని ఉన్నా, ఫలితం బలవంతంలాగే ఉండవచ్చు.

ఈ పోలికంతా చూశాక నా సలహా ఇది. బయటి చికిత్స సరిపోయే దశలో ఉన్నవారు తుపాకీ గురించి ఆలోచించి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయనక్కరలేదు. ఆసుపత్రిలో చేరడం అవసరమని వైద్యుడు చెబుతుంటే, ఇల్లినాయ్, న్యూజెర్సీ వంటి చోట్ల తుపాకీ పోతుందని తెలిసి కూడా చేరాలి. ఎందుకంటే అక్కడ స్వచ్ఛందంగా చేరితే రాష్ట్రం పెట్టే ఆటంకం ఎదురవుతుంది, వాయిదా వేస్తూ పోయి కోర్టు ఉత్తర్వు దాకా వస్తే దాని మీద ఫెడరల్ నిషేధం కూడా వచ్చి పడుతుంది. ప్రాణం, హక్కు రెండింటినీ తూచి చూసినా తూకం ఒకే వైపు మొగ్గే అరుదైన సందర్భం ఇది.

తుపాకీని ఇంట్లోంచి పంపడం

ఆ స్నేహితుడికి రెండేళ్ళ క్రితం దిగులు మళ్ళీ వచ్చింది. ఈసారి అతని భార్యే ముందుగా గమనించింది. ఒక శనివారం సాయంత్రం నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, పడకగది బీరువాలో ఆ పెట్టె ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు, మీరు చెబితే వింటారు" అంది. నేను వెళ్ళేసరికి అతనే వేలిముద్రతో తెరుచుకునే ఆ ఇనుప పెట్టెను వంటింటి బల్ల మీద పెట్టి, తూటాల అట్టపెట్టెను వేరే సంచిలో సర్దుతున్నాడు. పక్క ఇంట్లో ఉండే మిత్రుడికి ఇద్దామని ఇద్దరూ అనుకున్నారు. అతను హెచ్‌-1బీ మీద ఉన్నాడని గుర్తు వచ్చింది నాకు. ఇచ్చి ఉంటే, పుచ్చుకున్న అతనికీ తెలిసి ఇచ్చిన వీళ్ళకూ కూడా నేరం అంటుకునేది. చివరికి అదే ఊళ్ళో ఉండే, పౌరసత్వం వచ్చిన బావమరిది ఇంటికి వెళ్ళింది ఆ పెట్టె. మన బంధువర్గంలో ఇటువంటి పొరపాటు ఎంత సులభంగా జరిగిపోతుందో అప్పుడు అర్థమైంది.

అమెరికాలో 2022లో తుపాకీ వల్ల చనిపోయిన 48 వేల మందికి పైగా మనుషుల్లో 27 వేల మంది ఆత్మహత్య చేసుకున్నవారే. తుపాకీతో జరిగిన ప్రయత్నంలో పదింట దాదాపు తొమ్మిది ప్రాణం తీస్తాయి. అదే సమయంలో, ఏదో ఒక విధంగా ప్రయత్నించి బతికి బయటపడినవారిలో అత్యధికులు తరువాత ఆత్మహత్య వల్ల చనిపోరు. ఆ ఘడియ గడిస్తే మనిషి నిలబడతాడన్నమాట. అందుకే తుపాకీని కొన్ని నెలలు కంటికి దూరంగా పెట్టడాన్ని నేను అన్ని మార్గాలకంటే పైన ఉంచుతాను. దీనికి ఏ కోర్టూ అక్కరలేదు, ఏ నమోదూ జరగదు, హక్కు అణువంత కూడా తగ్గదు.

ఎక్కడ పెట్టాలన్నది చూసుకోవాలి. కొన్ని తుపాకుల దుకాణాలూ, షూటింగ్ రేంజిలూ డబ్బు తీసుకుని భద్రపరుస్తాయి. కొలరాడో, మేరీలాండ్ వంటి చోట్ల అలాంటి స్థలాలను చూపే మ్యాపులు కూడా ఉన్నాయి. బంధువుకు ఇచ్చేటట్టయితే అతను అర్హుడై ఉండాలి, అదే రాష్ట్రంలో ఉండాలి. వేరే రాష్ట్రంలో ఉన్న తమ్ముడికి ఇవ్వాలంటే లైసెన్సు ఉన్న డీలరు ద్వారానే ఇవ్వాలి. ప్రైవేటు బదిలీకి కూడా తనిఖీ తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో తాత్కాలికంగా ఇవ్వడానికి ఏ మినహాయింపు ఉందో ముందే కనుక్కోవాలి. ఇంట్లో తుపాకీ లేకపోయినా, చీకటి క్షణంలో కొనేస్తానేమో అన్న భయం ఉన్నవారికి వాషింగ్టన్, వర్జీనియా, యూటా రాష్ట్రాలు మరొక దారి ఇచ్చాయి: తమకు తుపాకీ అమ్మవద్దని తామే ఒక జాబితాలో పేరు రాయించుకోవచ్చు, తరువాత తామే తీయించుకోవచ్చు.

మనిషి ఒప్పుకోనప్పుడు మిగిలేది రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వు, అంటే ప్రమాదం ఉందనిపించిన మనిషి దగ్గరి తుపాకీని కొంతకాలం తీసివేయమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. 1999లో కనెక్టికట్‌తో మొదలై ఇప్పుడు 20కి పైగా రాష్ట్రాల్లో ఉంది. కాలిఫోర్నియాలో కుటుంబ సభ్యులే కోర్టును అడగవచ్చు; ఫ్లోరిడాలో పోలీసుల ద్వారానే అడగాలి; టెక్సస్‌లో ఈ దారే లేదు. ఆ ఉత్తర్వుకు కాలపరిమితి ఉంటుంది, సాధారణంగా ఏడాది, కాలిఫోర్నియాలో ఐదేళ్ళ దాకా. అందుకే, భర్తను బలవంతంగా ఆసుపత్రిలో చేర్పించడమా, తుపాకీని మాత్రమే తీయించడమా అని ఒక ఇల్లాలు నలిగిపోతున్నప్పుడు, చికిత్సకు అతను సిద్ధంగా ఉండి తుపాకీ ఇవ్వడానికి మాత్రమే మొరాయిస్తుంటే రెడ్ ఫ్లాగ్ మేలు. చికిత్సనే తిరస్కరిస్తూ ప్రాణం మీదికి వచ్చిన స్థితిలో మాత్రం హక్కుల లెక్క పక్కన పెట్టి 911కి గాని 988కి గాని ఫోన్ చేయాలి. ఇంట్లో తుపాకీ ఉందన్న సంగతి, అది ఎక్కడుందన్న సంగతి వచ్చేవారికి ముందే చెప్పాలి.

పోయిన హక్కు తిరిగి రావడం

జీవితాంతం అన్న నిషేధానికి కూడా చాలా రాష్ట్రాల్లో ఒక తలుపు ఉంది. 2008 నాటి చట్టం తరువాత ఏర్పడిన ఉపశమన విధానాల కింద, అంటే నిషేధాన్ని తొలగించమని అడిగే పద్ధతుల కింద, ఇక ప్రజల భద్రతకు ముప్పు కలిగించే అవకాశం లేదని రికార్డుతో, మంచి పేరుతో నిరూపించుకోవాలి. అయితే రాష్ట్రం ఇచ్చే ప్రతి ఉపశమనమూ ఫెడరల్ ప్రమాణాలకు సరిపోదు. 1999లో మైనరుగా ఉన్నప్పుడు కమిట్ అయిన మై అనే వ్యక్తికి వాషింగ్టన్ రాష్ట్ర కోర్టు 2014లో హక్కు తిరిగి ఇచ్చినా, ఫెడరల్ నిషేధం అలాగే ఉండిపోయింది. 2020లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టుల్లో ఒకటైన తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. దీనికి భిన్నంగా, విడాకుల బాధలో 1986లో నెల కంటే తక్కువ కాలం కమిట్ అయి, ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆరోగ్యంగా బతికిన మిచిగన్ వాసి టైలర్ నిషేధాన్ని సవాలు చేయవచ్చని 2016లో ఆరవ సర్క్యూట్ కోర్టు చెప్పింది. అంటే ఒకే కథకు మీరు ఉన్న చోటును బట్టి రెండు ముగింపులు. ఈ దశకు వచ్చినవారు ఆ రాష్ట్రంలో ఇదే పని చేసే న్యాయవాదిని చూడాలి; ఇమిగ్రేషన్ లాయరుకు ఇది తెలియకపోవచ్చు.

ఏ మార్గంలో వెళ్ళినా కాగితాలు దాచుకోవాలి. అడ్మిషన్ సమయంలో సంతకం పెట్టే ముందు, ఇది స్వచ్ఛందమా, నిర్బంధమా, ఏ సెక్షన్ కింద అని సూటిగా అడగాలి. సంతకం చేసిన ప్రతి పత్రం నకలు తీసుకోవాలి. ఇంగ్లీషు అంతగా రాని తల్లిదండ్రులు చేరుతున్నట్టయితే దుభాషిని అడిగే హక్కు ఉంది, కొడుకో కూతురో తొందరలో తర్జుమా చేయడం సరిపోదు. విచారణ కోరే గడువు ఏమైనా ఉంటే అది డిశ్చార్జి రోజు నుంచే మొదలవుతుందేమో చూసుకోవాలి. ఇంటికి బయలుదేరక ముందే ఆసుపత్రి హాలులో కూర్చుని డిశ్చార్జి పత్రం మొదటి పేజీ చదివి, చట్టపరమైన హోదా అని రాసే గడిలో ఏమి నింపారో ఒకసారి మీ కళ్ళతో చూసుకోండి. తప్పు ఉంటే అక్కడే, ఆ రోజే దిద్దించుకోవడం అన్నిటికంటే సులువు.